పథ్యం చెప్పే నోరు

పంపాపతి వైద్యుడికి ఒక నియమం ఉండేది. రోగి పథ్యం పాటిస్తేనే ఆయన డబ్బు ముట్టేవాడు. మందు పుచ్చుకుని పథ్యం తప్పినవాడు ఎంత ఇవ్వబోయినా తీసుకునేవాడు కాదు, ఆ తరువాత వాణ్ణి వాకిలి తొక్కనిచ్చేవాడు కాదు. ఈ నియమం వల్ల ఆయన ఇంటి కప్పు ఏనాడూ పూర్తిగా పెంకుకు నోచుకోలేదు. సగం పెంకు, సగం బోదగడ్డి. పెన్న ఒడ్డున ఆ చిన్న ఊళ్లో ఆయన దగ్గర కొందరు శిష్యులు ఉండి నాడి చూడటం, మూలికలు గుర్తుపట్టడం నేర్చుకునేవారు. అయితే శిష్యుడెవడైనా బతుకు గురించి ప్రశ్న వేస్తే ఆయన సూటిగా బదులు చెప్పేవాడు కాదు. "సంచీ అందుకో" అని లేచి బయలుదేరేవాడు. బదులు దారిలోనో, రోగి ఇంట్లోనో దొరికేది. కొన్నిసార్లు దొరికేది కాదు.

శిష్యుల్లో పెద్దవాడు శరభయ్య. అతని చదువు ముగిసింది. భార్య నీలమ్మకు నెలలు నిండుతున్నాయి. కాపురం బావమరిది ఇంటి వసారాలో, వాన వస్తే గోడవైపు జరిగి పడుకోవాలి. అలాంటి సమయంలో అతనికి రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. నూనె మిల్లు షావుకారు గురవయ్య శెట్టి తన ఇంటికీ మిల్లు మనుషులకూ ఒక వైద్యుణ్ణి పెట్టుకోదలిచాడు. ఆయన ఇస్తానన్న జీతం ఆ చుట్టుపక్కల ఏ వైద్యుడూ కళ్ల చూసింది కాదు. రెండోది పక్క ఊరి సత్రం. దాని ధర్మకర్త స్వయంగా వచ్చి చెప్పి వెళ్లాడు. జీతం షావుకారు ఇచ్చేదానిలో మూడోవంతు కూడా లేదు. కాని ఉండటానికి ఇల్లు, సత్రం మాన్యం నుంచి ఏటా గింజలు, ఒక పాడి ఎనుము, ఎండాకాలంలో నెల రోజుల సెలవు ఇస్తామన్నారు.

శరభయ్య వీటినే తూచుకుంటూ తిరిగాడు. పొద్దున జీతం వైపు మొగ్గేవాడు, సాయంత్రానికి ఇంటి వైపు. నీలమ్మను అడిగితే, ఎవరూ లెమ్మని చెప్పని చోట ఒక ఉయ్యాల కట్టుకుంటే చాలంది. బావమరిది డబ్బు వైపు పొమ్మన్నాడు. ఎటు పోయినా తన వసారా ఖాళీ అవుతుంది గనుక అతను ఆ మాట నవ్వుతూనే అన్నాడు. చివరికి శరభయ్య గురువు ముందు కూర్చుని అడిగాడు.

"అయ్యవారూ, ఎక్కువ జీతం మేలా? తక్కువ జీతమైనా ఈ సదుపాయాలు మేలా?"

పంపాపతి కల్వంలో నూరుతున్న మందు ఆపలేదు. నూరడం అయ్యాక చేతులు కడుక్కుని, షావుకారుకు కాళ్లు వాచాయని కబురు వచ్చిందని చెప్పి, సంచీ అందుకోమన్నాడు.

ఎక్కువ జీతం కోరడం తప్పని నేననను. నిండు నెలల భార్యను పరాయి వసారాలో పడుకోబెట్టినవాడికి డబ్బు మీద ఆశ కూడదని చెప్పేవాళ్లు, తమ ఇంటి తలుపు గడియ పెట్టుకుని లోపలి నుంచి చెబుతారు. శరభయ్య ప్రశ్నలో దోషం లేదు. తక్కెడలో వేయవలసిన సరుకు ఒకటి వేయడం మరిచాడు, అంతే.

వాళ్లు వెళ్లేసరికి షావుకారు విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. మనిషి మంచివాడే, మాటకారి. సత్రం వాళ్ల సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది. భోజనం చేస్తూనే ఎత్తుకున్నాడు.

"ఏమప్పా శరభయ్యా, సత్రమోళ్లు ఇల్లిస్తామన్నారంట? నేను మిద్దె ఇల్లే ఇస్తా. ఎనుమంట? నేను రెండిస్తా, ఒకటి వట్టిపోతే ఇంకోటి ఉంటది. సెలవు మాత్రం అడగద్దు, అది నాకే లేదు."

ఆయన మాటకు ఆయనే ముందు నవ్వాడు. శరభయ్యకు ఇన్నాళ్లు కుదరని లెక్క ఒక్కసారిగా కుదిరిపోయింది. ఎక్కువ జీతమూ ఇక్కడే, సదుపాయాలూ ఇక్కడే. మనసులో అప్పుడే నీలమ్మను మిద్దె ఇంట్లో దింపాడు, దూలానికి ఉయ్యాల కట్టాడు.

"శరభా, కాలు చూడు," అన్నాడు గురువు.

శరభయ్య కింద కూర్చుని చీలమండకు పైన బొటనవేలితో నొక్కాడు. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది. ఇంకొంచెం పైన నొక్కాడు. అక్కడా అంతే. కంటి రెప్పలు చూశాడు, నాడి చూశాడు. అనుమానానికి చోటు లేదు. ఒంట్లో నీరు చేరుతోంది. ఉప్పు పూర్తిగా మాన్పించాలి. అశ్రద్ధ చేస్తే ఆ నీరు ఎంత దూరం ఎక్కుతుందో అతను గురువు దగ్గర కళ్లారా చూశాడు. ఇక్కడ విస్తట్లో ఒక పక్క నిమ్మకాయ ఊరగాయ, ఇంకో పక్క ఊరమిరపకాయలు, పైన అప్పడాలు. షావుకారు భార్య శేషమ్మ ఊరగాయ జాడీ పట్టుకుని పక్కనే నిలబడి ఉంది.

"చెప్పప్పా, ఏం చేయమంటావు?" అన్నాడు షావుకారు.

శరభయ్య గురువు వైపు చూశాడు. గురువు పెరట్లో కట్టేసిన దూడను చూస్తున్నాడు.

"గలిజేరు కషాయం ఇస్తాను. ఉప్పూ ఊరగాయా కొంచెం తగ్గించుకుంటే మంచిది."

వైద్యుడంటే ఇట్లా ఉండాలని షావుకారు మెచ్చుకున్నాడు. తగ్గించడానికి రేపు మొదలుపెడదామని, ఇవాళ్టికి ఇంకొక్క ముక్క వెయ్యమని భార్యతో అన్నాడు. శేషమ్మ తల ఎత్తకుండా వేసింది.

అప్పుడు పంపాపతి దూడ మీది నుంచి చూపు తిప్పాడు. "మొన్న మగ్గం నేసే ఓబులేసు కాలు నొక్కావు. గుంట ఇంతే పడింది. అతనికేం చెప్పావు?"

ఓబులేసుకు శరభయ్య చెప్పింది వేరు. ఉప్పు పూర్తిగా మానమన్నాడు. ఉప్పు లేని కూడు గొడ్డు తింటుంది సామీ అని ఓబులేసు గొణిగితే, గొడ్డు కాళ్లు వాచలేదు చూసుకోమని కసిరాడు. ఊరగాయ జాడీ ఎత్తించి పొరుగింట్లో పెట్టించి గాని కదల్లేదు. ఓబులేసు దగ్గర ఆశించడానికి ఏమీ లేదు. అందుకే అక్కడ నోరు తిన్నగా పలికింది.

"పూర్తిగా మానమన్నాను," అన్నాడు శరభయ్య.

షావుకారు ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. "మగ్గమోడి కాలూ నా కాలూ ఒకటేనా?"

"గుంట ఒకటే, షావుకారూ."

ఆ మాట అంటూనే శరభయ్య చెయ్యి చాపాడు. తింటున్నవాడి విస్తట్లో చెయ్యి పెట్టడం ఆ సీమలో తిట్టు కంటే పెద్దది. అతను పెట్టాడు. ఊరగాయ ముక్కలు, ఊరమిరపకాయలు, అప్పడాలు గుప్పిట నిండా తీసి పెరట్లోకి విసిరాడు. వాపు తీసేదాకా ఉప్పు ముట్టరాదని, ముడితే నీరు కాళ్ల దగ్గర ఆగదని, పొట్టకు వస్తుందని, ఆ పైన ఊపిరికి వస్తుందని చెప్పాడు.

షావుకారు కేకలు వేయలేదు. విస్తట్లో ఖాళీ అయిన చోటును కాసేపు చూశాడు.

"నేను జీతమిచ్చేది మందుకప్పా. పథ్యానికి కాదు."

"అయితే మందుల కొట్టు పెట్టుకోండి. వైద్యుడెందుకు?"

అతను తొట్టి దగ్గర చెయ్యి కడుక్కుని సంచీ భుజాన వేసుకున్నాడు. మిద్దె ఇల్లు, రెండు ఎనుములు, ఆ జీతం, అన్నీ ఆ తొట్టి నీళ్లలోనే పోయాయని అతనికి తెలుసు. గురువు లేచాడు. గుమాస్తా తెచ్చిన తాంబూలమూ డబ్బూ అందుకోకుండా బయటికి నడిచాడు.

వీధి గుమ్మం దగ్గర శేషమ్మ వెనక నుంచి వచ్చి, గొంతు తగ్గించి, ఎన్నాళ్లు మాన్పించాలో అడిగింది. రోజూ మీ వేలితోనే నొక్కి చూడమని, గుంట పడని రోజున ఒక చిటికెడు ఉప్పు వెయ్యమని శరభయ్య చెప్పాడు.

"జాడీలు నా తాళంలో ఉంటాయి సామీ. అరిస్తే అరవనీ," అని ఆమె లోపలికి పోయింది.

ఇద్దరూ పెన్న ఇసుకలో పడి నడిచారు. శరభయ్య చేతికి ఊరగాయ వాసన వదల్లేదు. ఆ రోజు అతనికి విచారం లేదంటే అది అబద్ధం. నీలమ్మకు ఏం చెప్పాలో తోచలేదు. అయితే పోయిన జీతం కంటే ఇంకొకటి అతణ్ణి ఎక్కువగా గుచ్చుతోంది.

"జీతం నేనింకా ముట్టలేదు అయ్యవారూ. ముట్టకముందే నా నోట 'కొంచెం' అన్న మాట వచ్చింది."

ఏరు దాటి గట్టెక్కారు. ఎండ తగ్గింది. శరభయ్యకు ప్రాణం కొంత తెరిపిన పడింది. ఇక తూచే పని లేదని, సత్రమే ఖాయమని అన్నాడు. ఇల్లు ఉంది, గింజలు ఉన్నాయి, సెలవు ఉంది, నీలమ్మ ఉయ్యాల కట్టుకుంటుంది, తెల్లవారగానే పోయి ఒప్పుకుని వస్తానన్నాడు. ఆ పూట అతని మాటలో మొదటిసారి హుషారు వినిపించింది.

పంపాపతి గొడుగు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"పో. ఇల్లూ ఎనుమూ తరువాత చూడొచ్చు. ముందు ఆ ధర్మకర్త కాలు నొక్కి, నీ నోట ఏ మాట వస్తుందో చూసుకుని రా."