తుడిచేసిన ముగ్గు

పిల్లలూ, ఈ కథ మీకు ఇంతవరకు చెప్పలేదు. మనం ఉంటున్న చోట వాకిలీ లేదు, ముగ్గూ లేదు. అందుకే ఆలస్యమైంది. చేతులు కడుక్కుని వచ్చి కూర్చోండి.

హైమావతి గారు రోగక్రిములను పరీక్షించే ప్రయోగశాలకు పెద్ద. ఫణీంద్ర ఆవిడ శిష్యుడు. తెలివైనవాడే, తొందర ఎక్కువ. ఒక హాస్టల్లో పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే, ఎవరి నుంచి ఎవరికి సోకిందో తేల్చే పని అతనికి అప్పగించారు.

క్రిమి తనలాంటి ఇంకో క్రిమిని తయారుచేసేటప్పుడు అప్పుడప్పుడు చిన్న తప్పు చేస్తుంది. ఆ తప్పు దాని సంతానానికీ వస్తుంది. తప్పులు పోల్చి చూస్తే ఏది దేనికి దగ్గరో తెలుస్తుంది.

"దొరికింది మేడం," అన్నాడు ఫణీంద్ర. "వంటమనిషి నూకరత్నం క్రిమిలో ఒక తప్పుంది. జబ్బుపడ్డ ఒక కుర్రాడి క్రిమిలో అదే తప్పు, పైన ఇంకొకటి. ఆమె నుంచే అతనికి వచ్చింది. రిపోర్టు పంపేస్తాను."

"పంపితే?"

"సాయంత్రానికల్లా ఆమెను పనిలోంచి తీసేస్తామన్నారు వార్డెన్ గారు."

"టీ తాగి రా. తర్వాత పంపుదువుగాని."

అతను తిరిగొచ్చేసరికి వరండాలో చుక్కల ముగ్గులు రెండున్నాయి. వాటి పక్కన షాహిదా, పద్మజ ముగ్గుపిండి చేతులతో నిలబడ్డారు. వాళ్లిద్దరూ హైమావతి గారి శిష్యురాళ్లే. ఆవిడ గుడ్డ పిండుతున్నారు.

"ఇది షాహిదాది, అది పద్మజది. ఎవరు ఎవరిని చూసి వేశారు?"

ఫణీంద్ర వంగి చూశాడు. "షాహిదా ముగ్గులో మూల మెలిక పోయింది. పద్మజ ముగ్గులో ఆ మెలికతో పాటు ఒక చుక్క కూడా పోయింది. షాహిదాది చూసి పద్మజ వేసింది. ఇందులో అడగడానికేముంది?"

"నేనా? దీన్ని చూసా?" పద్మజ నడుం మీద చెయ్యి వేసుకుంది. "దీనికి పిండి పట్టుకోవడం నేర్పిందే నేను."

"చుక్క మింగేసింది మాత్రం నువ్వే," అంది షాహిదా.

"మరి ఇద్దరికీ ఒకే మెలిక ఎలా పోయింది?" అన్నాడు ఫణీంద్ర.

వాళ్లు హైమావతి గారి చేతిలోని గుడ్డ వైపు చూశారు. గుడ్డకు తెల్లగా పిండి అంటుకుని ఉంది. రెండు ముగ్గుల మధ్య నేల, ఇంకో ముగ్గు పట్టేంత మేర, తడిగా మెరుస్తోంది.

ఫణీంద్ర వంగి ఆ తడి నేలను వేలితో తాకాడు. తర్వాత రిపోర్టులో నూకరత్నం పేరున్న వాక్యం కొట్టేసి, శాంపిల్ సీసాల పెట్టె చంకన పెట్టుకున్నాడు.

"నీళ్ల ట్యాంకు చూడలేదు మేడం. పాలు చూడలేదు. మిగతా పిల్లల్నీ చూడలేదు. వార్డెన్ గారికి ఏం చెప్పను?"

"ఇంకా తెలీదని చెప్పు. నూకరత్నానికి మందు ఇప్పించు. తగ్గేదాకా వంట మాన్పించమను, ఉద్యోగం కాదు."

అతను మెట్లు దిగుతుంటే ఆవిడ వెనక నుంచి కేకేశారు.

"తడి ఆరకముందే వెళ్లు."

పిల్లలూ, ఈ కథ మీ స్నేహితులకూ చెప్పండి. పేర్లు మారినా, ఒక చుక్క తప్పినా ఏం కాదు. ఆ తడి నేలను మాత్రం వదిలేయకండి.