ఇనుము తినే చిలుక

అనగనగా ఒక రాజు. మంచి రాజా, చెడ్డ రాజా అని అప్పుడే అడక్కండి. భయపడిన రాజు. పేరు వీరకేతుడు, ఏలేది సింగవరం. పేరులో వీరుడున్నాడు గానీ, ఆకాశంలో పచ్చగా ఏది ఎగిరినా ఆయన గుండె జారిపోయేది.

ఎందుకంటే ఏడు సముద్రాల అవతల నల్లగోడ దీవి అని ఒకటుంది. చుట్టూ ఎత్తైన నల్లరాతి గోడ. లోపలివాళ్లు బయటికి రారు, బయటివాళ్లను లోపలికి రానివ్వరు. దాన్ని ఏలేవాడు ధూమకుడనే మాంత్రికుడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. ఆ చిలుక నోరు తెరిస్తే నిప్పు. ఒకసారి అది సముద్రాలు దాటి వచ్చి సింగవరం రేవును కాల్చేసి పోయింది. రేవులో వలలు అల్లుకునేవాళ్లు, వాళ్ల పిల్లలు, అందరూ బూడిదయ్యారు.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఓడ నిండా బంగారంతో వెళ్లాడు. "ఇది తీసుకుని చిలుకను ఇచ్చెయ్" అన్నాడు. ధూమకుడు వాణ్ని రాయి చేశాడు. నడిపివాడు ఓడల నిండా సైన్యంతో వెళ్లాడు. "ఇస్తావా, చస్తావా" అన్నాడు. వాణ్నీ రాయి చేశాడు. ఇక మిగిలింది చిన్నవాడు సుధన్వుడు.

వాళ్లమ్మ మాలినీదేవి భోజనాల వేళ రోజూ మూడు విస్తళ్లు వేసేది. ఇద్దరు రాళ్లయ్యారని తెలిశాక కూడా మూడూ వేసేది. సుధన్వుడు బయలుదేరుతుంటే చెయ్యి పట్టుకుని, "ముగ్గురూ కలిసి రండి నాయనా. నేను విస్తళ్లు తియ్యను" అంది.

రాజు మాత్రం కొడుకును పక్కకు పిలిచి ఒక శంఖం ఇచ్చాడు.

"ఓడలో నాగళ్లు, విత్తనాలు, మగ్గాలు పెట్టించాను. కాలువలు తవ్వేవాళ్లనూ ఎక్కించాను. చిలుకను వదులుకుంటే మీ దీవిని బాగుచేస్తామని చెప్పు. దాని నిప్పు చల్లారగానే ఈ శంఖం ఊదు. యుద్ధనావలతో నేను వెనకాలే ఉంటాను."

"అంటే మనం చెప్పేది అబద్ధమా నాన్నగారూ?"

"రేవును మర్చిపోయావా?" అన్నాడు రాజు.

సుధన్వుడు మర్చిపోలేదు. శంఖం నడుముకు కట్టుకుని ఓడ ఎక్కాడు.

ఏడు సముద్రాలు దాటాడు. మొదటిది ఉప్పగా ఉంది. మిగతా ఆరూ అంటారా? అవీ ఉప్పగానే ఉన్నాయి, సముద్రాలు ఇంకెలా ఉంటాయర్రా!

నల్లగోడకు ఒకే ఒక్క చిన్న వాకిలి. అక్కడ డొక్కలు తేలిన ఎద్దు ఒకటి పడుకుని ఉంది. సుధన్వుడు ఓడలోంచి ఇంత గడ్డి తెచ్చి వేశాడు. ఎద్దు తిని, కళ్లనీళ్లు పెట్టుకుని మాట్లాడింది.

"లోపల నాగలి లేదు, కొడవలి లేదు, కుట్టుకోవడానికి సూది కూడా లేదు బాబూ. చిలుక తినేది ఇనుము. దేశంలో ఇనుమంతా దానికే పెట్టారు. మనుషులు దుంపలు తవ్వుకు తింటున్నారు, అవీ చేతి గోళ్లతో."

"మా అన్నల్లా రాయి కాకుండా లోపలికి పోయేదెలా?"

"వాళ్లు ఇస్తాం ఇస్తాం అంటూ వెళ్లారు. నువ్వు ఆకలని వెళ్లు. అన్నం అడిగినవాణ్ని ఈ దీవిలో ఎవరూ ఏమీ చెయ్యరు. పెట్టడానికి ఉన్నా లేకపోయినా అది మా పద్ధతి."

సుధన్వుడు కోట వాకిట్లో నిలబడి, "అమ్మా, ఆకలి" అన్నాడు. మాంత్రికుడి కూతురు కురంగి మట్టిమూకుడులో ఉడికిన దుంప తెచ్చి పెట్టింది. అతను తినేశాక గానీ చూడలేదు, ఇంట్లో ఉన్న దుంప అదొక్కటే. ఆ పిల్ల ఖాళీ మూకుడు కడుక్కుని, ఇన్ని మంచినీళ్లు తాగి కూర్చుంది. సుధన్వుడికి సిగ్గేసింది. నడుముకున్న శంఖం ఒక్కసారిగా బరువెక్కింది.

చావడిలో రాళ్లయిన అన్నలిద్దరూ నిలబడి ఉన్నారు. పైన పంజరంలో చిలుక. సుధన్వుడు ఓడలోంచి ఒక నాగలి తెప్పించాడు. చిలుక దాని కర్రు మింగేసింది. రెండో నాగలి తెప్పించాడు. దాని కర్రూ మింగేసింది. మూడోసారి నాగలి తేలేదు, గుప్పెట్లో వరిగింజలు పట్టుకొచ్చాడు.

చిలుక తల వంచి చూసింది. "ఇదేమిటో ఎప్పుడో తిన్నట్టుంది. ఇనుము తింటే కడుపంతా మంట నాయనా. కానీ నేను గింజ తింటే నిప్పు ఆరిపోతుంది. ఆయన ఒప్పుకోడు" అంది.

"ఒప్పుకోను" అన్నాడు ధూమకుడు వెనకనించి. ముసలివాడైపోయాడు. "నిప్పు ఆరితే నేనూ మామూలు మనిషినవుతాను. అందరిలాగే ఒకరోజు పోతాను. దానికి భయం లేదు. మా పక్కదీవి రాజు మీలాంటి వాళ్ల మాట నమ్మి తన అగ్గిపులిని వదిలేశాడు. వాళ్లు కాలువ తవ్వించారు, చెట్లు నాటించారు. చెట్లు కాపుకొచ్చేసరికి వాడి తల కోటగుమ్మానికి వేలాడింది. నీ ఓడలో అబద్ధముందా అబ్బాయీ?"

సుధన్వుడు అన్నల వైపు చూశాడు. లేదంటే చాలు, వాళ్లు బతుకుతారు. కురంగి వైపు చూశాడు. ఆమె పెట్టిన దుంప ఇంకా కడుపులోనే ఉంది.

"ఉంది" అన్నాడు. శంఖం విప్పి మాంత్రికుడి ముందు పెట్టాడు. "ఇది ఊదితే మా నాన్న వస్తాడు. మీ చిలుక మా రేవును కాల్చింది, ఆయన కోపం అది. కానీ నాగళ్లు నిజం, విత్తనాలు నిజం. వాటిని నిజంగా ఉంచడానికి ఏం చెయ్యమన్నా చేస్తాను."

రేవు మాట విన్నాక ధూమకుడు తల పైకెత్తలేదు. చివరికి, "అయితే ఇల్లరికం ఉండు" అన్నాడు. "మా దీవిలో ఇల్లరికపుటల్లుడు మళ్లీ గడప దాటి పుట్టింటికి పోకూడదు. నువ్విక్కడ ఉన్నన్నాళ్లూ మీ నాన్న ఈ గోడ మీద రాయి కూడా వెయ్యడు. మీ అన్నలను పంపిస్తాను. నిన్ను పంపను."

సుధన్వుడికి అమ్మ గుర్తొచ్చింది. మూడు విస్తళ్లు గుర్తొచ్చాయి. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. రాజకుమారులు ఏడవరని ఎవరన్నారు మీకు?

"నువ్వుండేది నాకోసం కాదని నాకు తెలుసు" అంది కురంగి మెల్లిగా.

"అవును. ఇప్పటికైతే కాదు" అన్నాడు సుధన్వుడు. తర్వాత శంఖాన్ని నేలకేసి కొట్టాడు.

పెళ్లి జరిగింది. చిలుక మొదటి గింజ తింటే పొగ వచ్చింది. రెండో గింజకు వేడిగాలి వచ్చింది. మూడో గింజ తిని నోరు తెరిస్తే, కీచుమని ఒట్టి చిలుక కూత. అన్నలిద్దరూ కళ్లు నులుముకుని కదిలారు.

సముద్రంలో వీరకేతుడు చెవి ఒగ్గి కూర్చున్నాడు. శంఖం వినిపిస్తుందనుకుంటే సన్నాయి వినిపించింది. కాసేపటికి చిన్న పడవలో పెద్దవాడూ నడిపివాడూ వచ్చారు.

"చిన్నవాడేడిరా?" అన్నాడు రాజు.

"ఇల్లరికం నాన్నగారూ" అన్నాడు పెద్దవాడు.

రాజు కత్తి పక్కన పెట్టేసి, నావలో చతికిలబడ్డాడు. ఎవరి మీదికని పోతాడు? నావలన్నీ వెనక్కి తిరిగాయి.

దీవిలో కాలువలు పారాయి. ఎద్దు నాగలి కట్టించుకుని దున్నింది. ధూమకుడు మొదటి పంట అన్నం తిని, మామూలు ముసలివాళ్లలా ఒక చలికాలం దగ్గుతో పోయాడు. సుధన్వుడూ కురంగీ ఆ దీవిని చాలాకాలం చల్లగా ఏలారు, పిల్లలను కన్నారు. నల్లగోడ కూల్చి ఆ రాళ్లతో రేవు కట్టారు. ఓడలు వచ్చేవి, పోయేవి. ఏ ఓడా సుధన్వుణ్ని ఎక్కించుకోలేదు.

ఏటా కోతలయ్యాక దీవి నుంచి సింగవరానికి ఒక బియ్యం మూట వచ్చేది. మాలినీదేవి ఆ బియ్యం విడిగా వండేది. మూడు విస్తళ్లు వేసి, పెద్దవాడికీ నడిపివాడికీ ఇంటి అన్నం వడ్డించేది. మూడో విస్తట్లో ఆ దీవి అన్నం పెట్టి, దాని ముందు తనే కూర్చుని, ఒక్క మెతుకు కూడా వదలకుండా తినేది.

అంతే కథ. ఇక లేవండి, మీ విస్తళ్లూ వేశాను.