ఇంటికొచ్చే ఏనుగు చదువు

కుందనగిరి రాజు వీరభూపాలుడికి ఒకనాడు పొద్దున్నే ఓ బుద్ధి పుట్టింది.

"మన గజవిద్యాలయంలో ఏడాదంతా కష్టపడితే గుప్పెడుమంది మావటీలు తయారవుతున్నారు. నాకు ఊరూరా మావటీలు కావాలి. ఎవరు చేసిపెడతారు?" అన్నాడు సభలో.

విద్యాలయ అధిపతి వరదాచార్యులు లేచాడు. ఏనుగు లద్దె వాసనకే ముక్కు మూసుకునే మహానుభావుడు. పక్కనే రేవు వర్తకుడు రత్నంశెట్టి.

"ప్రభూ, ఆ పని మొదలుపెట్టేశాం. శెట్టిగారి మనుషులు తాటాకుల పాఠం, రంగుల ఏనుగు బొమ్మ ఇంటికే పంపుతారు. జవాబులు రాసి పంపినవాడికి మన విద్యాలయానికిచ్చిన రాజముద్రతో పట్టా వెళుతుంది."

"పాఠం చెప్పేదెవరు?"

"శెట్టిగారి గుమాస్తాలు. పేరు మనది, శ్రమ వారిది."

రుసుంలో పెద్ద ముద్ద ఎవరిదో మాత్రం ఆయన నోట రాలేదు.

"ఇక ఆ ముసలి గురువులెందుకు, ఏనుగులెందుకు? మేత దండగ. ఆ ఆజ్ఞకు తమరు ముద్ర వేస్తే ఈ పూటే అందర్నీ పంపించేస్తాం," అన్నాడు శెట్టి.

రాజు ముఖం వెలిగిపోయింది. ముద్ర తెమ్మన్నాడు.

సభలో ఓ మూల కూర్చున్న విదూషకుడు తిప్పనకు ఒళ్లు మండిపోయింది. ఆ గురువుల్లో ఓబులేసు ఉన్నాడు. చిన్నప్పుడు తనను ఏనుగు కాళ్ల కిందనుంచి లాగి బతికించినవాడు. ముద్ర పడితే ఈ వయసులో ఆయన వీధిన పడతాడు. కాదంటే రాజు వినే రకం కాదు. అందుకని తిప్పన నవ్వు పులుముకుని లేచాడు.

"ప్రభూ, ఇంతటి ఘనులకు ముందు గజారోహణం చేయించొద్దూ? రాజవీధిలో ఊరేగించి, ఆ తర్వాత ముద్ర వేయండి."

ఆచార్యులు పొంగిపోయాడు. శెట్టి తలపాగా సర్దుకున్నాడు. పట్టపుటేనుగు నీలాద్రిని అలంకరించేలోగా శెట్టి పట్టా పుచ్చుకున్నవాణ్ణి ఒకణ్ణి తెమ్మని తిప్పన అంగడి వీధికి మనిషిని పంపాడు.

రాజూ సభా కోట ముంగిట చేరి చూస్తుండగా ఘనులిద్దరూ నిచ్చెనెక్కి అంబారీలో కూర్చున్నారు. నిచ్చెన తీసేశారు. ఏనుగు మెడమీద ఓబులేసు అంకుశం పట్టుకుని ఉన్నాడు.

"ఓబులేసు మామా, దిగు. ఇక నీతో పని లేదట," అన్నాడు తిప్పన.

ముసలాయన దిగాడు. అప్పుడు తిప్పన జంతికల కొట్టు సూరప్పను ముందుకు తోశాడు. సూరప్ప చేతిలో తాటాకు పట్టా, దానికి రాజముద్ర.

"వీరు శెట్టిగారి దగ్గర చదివిన పట్టభద్రులు. ఈ పూట మావటి వీరే."

సూరప్ప తలెత్తి చూసి నోరు తెరిచాడు.

"అయ్యా, బొమ్మలో ఇది ఇంత ఎత్తు లేదే. ఎక్కమంటే మోకాలు వంచుతుందని పాఠంలో ఉంది. మరి ఆ పాఠం ఇది కూడా చదివిందాండీ?"

నీలాద్రి తొండం చాచి పట్టా లాక్కుంది. నోట్లో పెట్టుకుని నమిలి మింగేసింది. రుచి చూశాక రెండడుగులు ముందుకేసింది. అంబారీ ఊగింది.

"ఓబులేసును ఎక్కించండి, తొందరగా," అన్నాడు శెట్టి అంబారీ అంచు పట్టుకుని.

"ఎందుకండీ? ఇద్దరికీ ముద్ర ఒకటేగా," అన్నాడు తిప్పన.

"ముద్ర ఏం చేస్తుందయ్యా? వీడెప్పుడైనా ఏనుగును తాకాడా?" అని అరిచాడు వరదాచార్యులు.

ఆ మాట రాజు చెవిన పడనే పడింది. తిప్పన చేతులు కట్టుకుని అన్నాడు:

"అలాగైతే దిగి ఇంటికి వెళ్లండి ఆచార్యులుగారూ. ఊరేగింపు బొమ్మ ఇంటికే పంపిస్తాను, కూర్చుని ఊరేగండి."

రాజు పగలబడి నవ్వాడు. సభంతా నవ్వింది. సూరప్ప కూడా నవ్వాడు, పాపం, ఎందుకో తెలియకపోయినా.

"పట్టాలు కొన్నవాళ్లందరికీ రుసుం వెనక్కిస్తామని ఒప్పుకునేదాకా వాళ్లకు నిచ్చెన వేయకండి," అన్నాడు రాజు. ముద్ర లోపలికి పంపేశాడు. ఓబులేసును విద్యాలయానికి అధిపతిని చేసి, తన చేతి కంకణం తీసి తిప్పనకు తొడిగాడు.

నీలాద్రి మాత్రం ఇంకో పట్టా ఉందేమోనని సూరప్ప చేతులు వెతుకుతోంది.