కిటికీలో వదిన

ఎవరైనా ప్రశ్న అడిగితే సోమలింగాచారిగారు ముందు అడిగినవాళ్ల మొహం చూడరు, చేతులు చూస్తారు. అది వయసు తెచ్చిన చాదస్తం కాదు, వృత్తి నేర్పిన అలవాటు. నలుగురూ చేరి ఆయన్ని గురువుగారూ అనడానికి పూర్వం, ఆయన నలభై ఏళ్లపాటు విజయనగరంలో ఒక పాత్రల దుకాణం గుమ్మం పక్కన పీట వేసుక్కూర్చుని, చిన్న ఉలీ సుత్తీతో జనం కొన్న గిన్నెల మీదా బిందెల మీదా పేర్లు కొట్టారు. ఎవరు ఇస్తున్నారు, ఎవరికి ఇస్తున్నారు, ఏ తేదీన అన్నది చుక్క చుక్కగా. మనిషి గిన్నె పట్టుకున్న తీరు చూసి, అది కూతురికో, ఆడపడుచుకో, ఇవ్వక తప్పని చుట్టానికో అడక్కుండానే చెప్పేవారట.

ఆ గురువారం సత్సంగంలో జోగారావు చేతుల దగ్గర ఆచారిగారి చూపు కాస్త ఎక్కువసేపే ఆగింది. జోగారావు ఒక ఇత్తడి చెంబును, సంతలో దొరికిపోయిన జేబుదొంగను పట్టుకున్నట్టు, మెడ దగ్గర బిగించి పట్టుకున్నాడు.

"గురువుగారూ, కారణం కనపడని సంతోషాన్ని నమ్మొచ్చా?" అని అడిగాడు.

జోగారావు అలా అడగడంలో ఆశ్చర్యం లేదు. తూనికలు కొలతల శాఖలో ముప్ఫై నాలుగేళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి. త్రాసు కనిపిస్తే చాలు, పళ్లెం తిరగేసి అడుగున మైనం అంటించారేమో చూడందే ఆయనకి ఊపిరాడేది కాదు. రిటైరయ్యాక త్రాసులు దొరక్క, కంటికి దొరికినవన్నీ తిరగేయడం మొదలుపెట్టాడు. గుళ్లో పులిహోర పెడుతుంటే గరిటె లోతు చూసేవాడు. ఆచారిగారి దగ్గర చేరిన కొత్తలో రెండు నెలలపాటు వెనక వరసలో కూర్చుని, గురువుగారు చెప్పిందే మళ్లీ చెబుతున్నారేమోనని పుస్తకంలో రాసుకున్నాడు. చెప్పిందే చెబుతున్నారని రుజువయ్యాక, ఈయన కొత్తగా ఏదీ అంటగట్టే రకం కాదని నమ్మకం కుదిరి ముందు వరసలోకి వచ్చాడు.

అలాంటి మనిషి ఇంట్లో మూడు నెలలుగా ఏదో జరుగుతోంది.

ఆయన భార్య మాణిక్యాంబ సంతోషంగా ఉంటోంది.

మొదట గోడమీదకి నీలం అంచు పింగాణీ పళ్లెం ఒకటి వచ్చింది. తరవాత ముందుగదిలో మూలకి, ఒక కాలు పొట్టిదైన చెక్క బల్ల వచ్చింది. పాత పట్టుచీర అంచులు కత్తిరించి కిటికీకి తెర కుట్టింది. చిమ్నీ ఒక పక్క పగిలిన లాంతరు కడిగి, పగులు గోడవైపు తిప్పి, వెలిగించకుండానే బల్లమీద పెట్టింది. అన్నీ పాత సామాన్ల కొట్టులోవే. చివరికి తూర్పు కిటికీ గట్టుమీదకి ఈ చెంబు వచ్చింది. రోజూ చింతపండుతో తోమి, నీళ్లు పోసి, పెరట్లో పూసిన పువ్వులు అందులో పెట్టేది. ఎండ వచ్చి చెంబుమీద పడేవేళకి కాఫీ గ్లాసు పట్టుకుని ఆ పక్కనే కూర్చునేది.

"ఏం చేస్తున్నావు?" అని జోగారావు అడిగేవాడు.

"కాఫీ తాగుతున్నానండీ."

"అంతేనా?"

"అంతే."

ఆ 'అంతే' మీదే ఆయనకి అనుమానం. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో 'అంతే' అన్న ప్రతి కొట్టులోనూ ఆయనకి ఏదో ఒకటి దొరికింది.

ఒకనాడు పొద్దున్న స్నానాల గదిలో ఉండగా ముందుగదిలోంచి మాటలు వినపడ్డాయి. మాణిక్యాంబ గొంతే. "వదినా, ఇవాళ మందారాలు పూయలేదు. గన్నేరు పూలతో సర్దుకో మరి." వెనువెంటనే చిన్న నవ్వు. జోగారావు ఒంటికి సబ్బుతోనే తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. గదిలో ఎవరూ లేరు. తలుపు చాటున చూశాడు, లేరు. తెర ఎత్తి చూశాడు, లేరు.

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

"ఎవరితోనూ లేదండీ. మీ చెవి మీద సబ్బు ఉండిపోయింది."

మాట మార్చింది! జోగారావు లెక్క వేసుకున్నాడు. ఆవిడకి అన్నలు లేరు. తనకి అక్కలు లేరు. ఆ ఇంట్లో వదిన అనిపించుకునే హక్కు ఉన్న మనిషి ఏ వైపునా లేదు. వీధిలో ఆడవాళ్లని ఆవిడ పిన్నిగారూ అంటుంది, అక్కయ్యగారూ అంటుంది గాని వదినా అని ఎవరినీ అనదు. మరి ఈ వదిన ఎవరు? వచ్చినట్టు గుమ్మంలో చెప్పులైనా లేకుండా ఎలా వస్తోంది, ఎలా పోతోంది?

భార్య కూరలకి వెళ్లినప్పుడు గదంతా తనిఖీ చేశాడు. బల్ల తిరగేశాడు, పళ్లెం వెనక చూశాడు. ఆఖరికి చెంబు దగ్గర ఆధారం దొరికింది. మెడ కింద చుక్కల అక్షరాలు, తోమి తోమి కాస్త అరిగినా చక్కగానే కనపడుతున్నాయి: 'సీతారత్నానికి వదిన ఆదిలక్ష్మి, 9-3-58.'

ఇంకొకరైతే అక్కడితో నవ్వుకుని ఊరుకునేవారు. జోగారావుకి అక్కడే అసలు అనుమానం మొదలైంది. ఎవరో సీతారత్నం చెంబు మనింట్లో ఎందుకుంది? వదిన ఇచ్చిన చెంబుని ఆవిడ ఎందుకు అమ్ముకుంది? అమ్ముకుందా, ఎవరైనా ఎత్తుకొచ్చారా? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, ఈ ఆదిలక్ష్మికీ మాణిక్యానికీ ఏమిటి సంబంధం? నేరుగా పాత సామాన్ల కొట్టుకి వెళ్లి, సీతారత్నం ఊరేది, ఆదిలక్ష్మి భర్త ఎవరు, చెంబు ఏ దారిన వచ్చింది అని అడిగాడు. కొట్టువాడు అంతా ఓపిగ్గా విని, "సారూ, అమ్మగారు నా దగ్గర చెంబే కొన్నారు. దాని తాలూకు చుట్టాల్ని నేను అమ్మలేదు" అన్నాడు.

ఈ సమాధానం ఆయన అనుమానాన్ని ఇంకాస్త పెంచింది. మర్నాడే చెంబును గుడ్డసంచిలో వేసుకుని గురువుగారి దగ్గరికి బయల్దేరాడు.

ఇదంతా విన్నాక ఆచారిగారు చెంబు అందుకుని, దాన్ని తడిమి చూశారు. వేలు అక్షరాల మీద ఆగింది. "నేను కొట్టినదే" అన్నారు.

జోగారావు ముందుకి జరిగాడు. "అయితే వాళ్లెవరో మీకు తెలుసన్నమాట!"

"ఎన్ని వేల పేర్లు కొట్టానో, బాబూ. గుర్తెక్కడుంటాయి? ఈ 'క్ష్మి' దగ్గర ఉలి కాస్త జారింది. అది మాత్రం గుర్తొస్తోంది." చెంబు తన పక్కన పెట్టుకున్నారు. "ఇది వచ్చే గురువారం దాకా ఇక్కడే ఉంటుంది. మీరు ఇంటికి వెళ్లి ఆ కిటికీ చూస్తూ ఉండండి."

"కిటికీలో ఏముంటుంది గురువుగారూ? చెంబు ఇక్కడుంటే?"

"అందుకే చూడమంటున్నాను."

జోగారావుకి ఇందులోనూ ఏదో మతలబు ఉందనిపించింది. గురువుగారు తన చేతిపని తనే వెనక్కి లాక్కుంటున్నారా? అయినా గురువాజ్ఞ కనక కిటికీమీద నిఘా వేశాడు.

శుక్రవారం పొద్దున్న మాణిక్యాంబ చేతినిండా మందారాలతో వచ్చి, కిటికీ దగ్గర ఆగిపోయింది. గట్టుమీద చెంబు ఉండే చోట గుండ్రటి మరక మాత్రం ఉంది. పువ్వులు తీసుకెళ్లి దేవుడి దగ్గర పెట్టేసింది. చెంబు ఏదని అడగలేదు. పేపరు చాటునుంచి చూస్తున్న జోగారావు నిటారుగా కూర్చున్నాడు. వస్తువు పోతే మనిషి అడగాలి. అడగలేదంటే? శనివారం ఆవిడ కాఫీ వంటింట్లోనే, పొయ్యి దగ్గర నిలబడి తాగేసింది. ముందుగదిలో మాటలు వినపడలేదు. ఇన్నాళ్లూ ఆ మాటలెవరివో కనిపెట్టాలని తంటాలు పడ్డ మనిషి, ఇప్పుడు స్నానాల గదిలో కొళాయి కట్టేసి చెవి ఒగ్గి నిలబడ్డాడు. ఇంట్లో తన చెప్పుల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

ఆదివారం ఎవరూ చూడకుండా టేపు తెచ్చి ఆ గుండ్రటి మరకను కొలిచాడు. మూడున్నర అంగుళాలు. అందులో తన కాఫీ గ్లాసు పెట్టి చూశాడు. చిన్నదైపోయింది. మరచెంబు పెడితే పెద్దదైపోయింది. ఎందుకు కొలుస్తున్నాడో ఆయనకే తెలియలేదు. ఆ చోటు మాత్రం ఆయనవంకే చూస్తున్నట్టు ఉంది. పెరట్లోకి వెళ్లి రెండు గన్నేరు పూలు కోశాడు. కోశాక ఎక్కడ పెట్టాలో తోచక చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మాణిక్యాంబ ఎదురొచ్చి జేబుకేసి చూసింది.

"పూజ చేస్తారా ఏమిటి?"

"లేదు. రాలిపోయేలా ఉంటేనూ..." అని గొణిగాడు. ఇన్‌స్పెక్టరు ముందు కొట్టువాళ్లు గొణిగేది సరిగ్గా ఆ గొంతుతోనే.

సోమవారం మధ్యాహ్నం భోజనం చేసి ముందుగదిలోకి వచ్చేసరికి గోడమీద నీలం పళ్లెం లేదు. లాంతరు లేదు. కిటికీకి తెర లేదు. గది మధ్యలో ఒక గోనెసంచి ఉంది. మాణిక్యాంబ తెరను మడతపెట్టి అందులో వేస్తోంది.

"ఏమిటిది?"

"పాత సామాన్ల కొట్టుకి తిరిగి ఇచ్చేస్తానండీ. రేపు పొద్దున్నే కొట్టువాడి రిక్షా వస్తుంది. మీకు వీటి మీద ఏదో అనుమానం. అనుమానం ఉన్న ఇంట్లో అలంకారమెందుకు?"

"నేనేమన్నాను?"

"ఏమీ అనలేదు. అదే." ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే ఆయనకి తేలికగా ఉండేది. "కొట్టువాణ్ని అడిగారు. చెంబుని తిరగేసి చెంబుని అడిగారు. నన్ను మాత్రం అడగలేదు."

జోగారావు గోనెసంచి పక్కనే నేలమీద కూర్చున్నాడు. ముప్ఫై నాలుగేళ్లలో ఎన్ని సంచులు విప్పి చూశాడో, ఒక్కటీ ఇంత బరువుగా కనపడలేదు. "సరే, అడుగుతున్నాను. ఆదిలక్ష్మి ఎవరు?"

"నాకేం తెలుసు? ఎవరో ఒక మహాతల్లి మరదలికి చెంబు ఇస్తూ, తన పేరు చెరిగిపోకూడదని కొట్టించుకుంది. నాకు వదినలు లేరు కదండీ. పొద్దున్నే ఆ పేరు చదివితే నాకే ఇచ్చినట్టుండేది. పువ్వులు పెట్టి రెండు మాటలు ఆడుకునేదాన్ని. ఎండ వచ్చేది. కాఫీ వేడిగా ఉండేది."

"అంతేనా?" అని నోటిదాకా వచ్చింది. మొదటిసారిగా ఆయన ఆ మాట మింగేశాడు.

గురువారం దాకా ఆగలేదు. ఆ ఎండలోనే ఆచారిగారి ఇంటికి వెళ్లాడు. చెంబు వాళ్ల కిటికీలో, నిండా బంతిపూలతో ఉంది. "మా ఇంటావిడ పెట్టింది. నేను చెప్పలేదు" అన్నారు ఆచారిగారు. "ఏం చూశారు, బాబూ?"

"గోనెసంచి చూశాను గురువుగారూ. రేపు పొద్దున్న అది గుమ్మం దాటిపోతుంది. చెంబు ఇచ్చేయండి." నేలచూపులు చూస్తూ అన్నాడు. "దాని మీద ఇంకో పేరు కొట్టాలి."

ఆచారిగారు లేచి, గూట్లోంచి పాత ఉలీ సుత్తీ తీసి జోగారావు ముందు పెట్టారు. "నా చేతులు వణుకుతున్నాయి. మీరే కొట్టండి."

జోగారావు అలవాటు కొద్దీ సుత్తి బరువు చేత్తో చూశాడు. చెంబు ఒళ్లో పెట్టుకున్నాడు. అంతలోనే పాత బుద్ధి అడ్డం వచ్చింది. "ఇంకొకరు ఇచ్చిన చెంబు మీద నా పేరు వేస్తే, అది తప్పుడు కొలత కాదా?"

"ఆదిలక్ష్మమ్మ కాస్త పక్కకి జరుగుతుంది లెండి."

నలభై నిమిషాలు పట్టింది. నుదుట చెమట తుడుచుకుంటూ, నాలుక పళ్లమధ్య పెట్టుకుని, ఒక్కో చుక్కా కొట్టాడు. 'మాణిక్యానికి జోగారావు' అని వేసి, కింద ఆనాటి తేదీ వేశాడు. మొదటి అక్షరాలు పైకి ఎక్కాయి. 'రావు' దగ్గరికి వచ్చేసరికి జారి తేదీని తాకేంత కిందికి దిగాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఇంట్లో ఏ వస్తువు మీదా తన పేరుతో ఆవిడ పేరు కలిపి వేయలేదు. ఏ దుకాణంలో ఏ మోసముందోనని ఆవిడకంటూ ఏదీ కొననేలేదు.

బంతిపూలు ఆచారిగారి భార్య తడిగుడ్డలో కట్టి ఇచ్చింది. జోగారావు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"గురువుగారూ, నా ప్రశ్న అలాగే ఉండిపోయింది."

ఆచారిగారు ఆయన మొహం చూడలేదు. చేతులు చూశారు. చెంబు రెండు అరచేతుల మధ్య, గుండెకి ఆనుకుని ఉంది. తరవాత మెడ కింద ఎగుడుదిగుడుగా ఉన్న కొత్త అక్షరాలు చూశారు.

"వంకరగా వచ్చాయి" అన్నారు. "పోనీలెండి, ఆవిడ కొలవదు."