తప్పిన వంతు

"షరతు నేను రాశాను మాస్టారూ. తప్పు లేకుండానే రాశాను. అది నిజమైనప్పుడు కూడా మిషను ఎందుకు పట్టించుకోవడం లేదు?"

తేజేశ్వర్ ఈ మాట వినయంగా అడగలేదు, ఒళ్లు మండి అడిగాడు. తన ప్రోగ్రాంలో తప్పుందని ఒకరు అనడమూ, ఆ తప్పు తనకు కనపడకపోవడమూ అతనికి అదే మొదటిసారి.

డిల్లేశ్వరరావు మాస్టారు ఉద్దానం వైపు ఒక ఊళ్లో బట్టల కొట్టు పైన రెండు గదులు అద్దెకు తీసుకుని పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పేవారు. ఊరి పేరు ఎందుకు లెండి. ఆయనకో అలవాటు ఉండేది. అడిగినదానికి నోటితో జవాబు చెప్పేవారు కాదు. ఏదో ఒకటి జరిపించి, అందులోంచి నువ్వే ఏరుకోమనేవారు. చెప్తే నోటుబుక్కులోకి పోతుందిగానీ బుర్రలోకి పోదని ఆయన వాదన. ఈ పద్ధతి గిట్టనివాళ్లు నెల తిరక్కుండానే విశాఖపట్నం బస్సెక్కేవారు. ఉండిపోయినవాళ్లలో తేజేశ్వర్ అందరికంటే చురుకైనవాడు. కాస్త తలబిరుసు కూడా ఉండేదనుకోండి, ఆ వయసులో చురుకైనవాళ్లకి అది మామూలే.

ఆ ప్రాంతంలో కిడ్నీ జబ్బు మనిషి లేని వీధి ఉండదు. అక్కడి డయాలసిస్ కేంద్రంలో మంచాలు తక్కువ, వచ్చేవాళ్లు ఎక్కువ. ఎవర్ని ముందు పిలవాలన్న దగ్గర రోజూ రభసే. ఎవరైనా కుర్రాణ్ణి పంపండి, దీనికో దారి చూపిస్తాడని కేంద్రం వాళ్లు మాస్టారిని అడిగితే ఆయన తేజేశ్వర్‌ని పంపారు. మనిషి రాగానే నర్సు వివరాలు కొట్టడం, వరసలో అతని చోటెక్కడో మిషను చెప్పడం, ఇదీ తేజేశ్వర్ రాసింది. రభస ఆగిపోయింది. నర్సుతో పోట్లాడతారుగానీ మిషనుతో ఎవరు పోట్లాడతారు? మిగతా కేంద్రాల్లో కూడా ఇదే పెట్టిస్తామని పెద్ద అధికారి భుజం తట్టాడు. తేజేశ్వర్ పేరు జిల్లా ఆఫీసు దాకా పోయింది, అతని నడక కూడా కొంచెం మారింది.

అలాంటి సమయంలో నర్సు ఫోన్ చేసింది. ఆయాసంతో వచ్చినవాళ్లను ముందుకు తేవడం లేదు, ఒకసారి చూడు బాబూ అంది. ఎందుకో గొంతు తగ్గించి అంది. ఇంకేం చెప్పకుండా పెట్టేసింది.

ఆ ఫోన్ తర్వాతే తేజేశ్వర్ మాస్టారి దగ్గరికొచ్చి అలా అడిగాడు. మాస్టారు అతని ప్రోగ్రాం మొదటినుంచి చివరిదాకా చదివారు. చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత రెండు కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వేయించి, ముందు కుర్చీలో ఒక అమ్మాయిని, వెనక కుర్చీలో ఒక అబ్బాయిని కూర్చోబెట్టారు. తేజేశ్వర్ రాసిన షరతుల్ని, అతను రాసిన వరసలోనే, ఇద్దరికీ పంచారు. అమ్మాయి అడగాల్సింది, "కిందటిసారి వంతు తప్పారా?" తప్పితే మనిషిని వరస చివరికి పంపాలి. అబ్బాయి అడగాల్సింది, "ఒంట్లో ఆక్సిజన్ తొంభై కంటే తక్కువా?" తక్కువైతే ఉన్నపళాన లోపలికి తీసుకుపోవాలి.

"నువ్వు పేషెంటువి," అన్నారు మాస్టారు తేజేశ్వర్‌తో. "కిందటిసారి రాలేకపోయావు. ఒళ్లంతా నీరు పట్టింది, ఊపిరాడటం లేదు. నడు."

తేజేశ్వర్ నడిచాడు. అమ్మాయి అడిగింది. అవునన్నాడు. ఆ పిల్ల చెయ్యెత్తి గది చివర గోడ చూపించింది. అతను పోయి గోడ దగ్గర నిలబడ్డాడు. వెనక కుర్చీలో అబ్బాయి తన ప్రశ్న పట్టుకుని అలాగే కూర్చున్నాడు, వాడి దగ్గరికి ఎవరూ రానేలేదు.

అసలు అంత ఆయాసం వచ్చేది ఎక్కువగా వంతు తప్పినవాళ్లకే. ఎవరికోసమైతే ఆ రెండో షరతు రాశాడో సరిగ్గా వాళ్లనే ఇన్నాళ్లూ మొదటి షరతు మెడపట్టి వెనక్కి గెంటుతోంది. ఇది తేజేశ్వర్‌కి గోడ దగ్గరే తెలిసిపోయింది. తెలియగానే, చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది, నవ్వాడు.

"ఓస్, ఇంతేనా మాస్టారూ. వరస తిప్పితే సరిపోతుంది. ముందు ఆయాసం, తర్వాత వంతు." ల్యాప్‌టాప్ తెరిచాడు, కింది షరతు పైకి తెచ్చాడు, పరీక్షించాడు. బ్రహ్మాండంగా పనిచేసింది. కేంద్రానికి పంపేసి వేళ్లు విరుచుకున్నాడు. "అయిపోయింది. తప్పు ఉండేదని కూడా ఎవరికీ తెలీదు."

"మంచిది," అన్నారు మాస్టారు. "కింద కొట్లో ఒకావిడ నీకోసం పొద్దుటినుంచి కూచుంది. పైకి రమ్మంటాను."

వచ్చినామె పేరు దాలమ్మ. జీడిపిక్కలు కొట్టే పని చేస్తుంది, వేళ్లకు జీడి మరకలు నల్లగా పట్టేసి ఉన్నాయి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గుమ్మం పక్కనే నిలబడి తేజేశ్వర్ మొహంలోకి చూసింది.

"మిషనుకి రాసింది నువ్వేనా బాబూ?"

"అవునమ్మా."

"లోకనాథం మా ఇంటాయన. మొన్న ఆ ఆస్పత్రి వరండాలోనే పోనాడు. అప్పటికింకా పిలుపు రానేదు," అంది. "అంతకు ముందు వంతు నానే తప్పించీసినాను. ఆ రోజు అమ్మవారి ఘటం మా వీధిలోకొచ్చింది. ఇంటి పెద్ద లేకుండా ఘటానికి పసుపు నీళ్లు ఎలగ పోస్తాం అని నానే ఆపీసినాను. ఎల్తానే అన్నాడు. ఒక్కరోజుకి ఏటవుద్ది అన్నాను. మర్నాడు తీసుకొచ్చేతలికి మనిషికి ఊపిరాడ్నేదు. వంతు తప్పినోడివి, ఎనక్కెల్లి కూకో అన్నారు. మిషను సెప్పిందన్నారు."

నర్సు గొంతు ఎందుకు తగ్గించిందో తేజేశ్వర్‌కి అప్పుడు అర్థమైంది.

"నువ్వే సంపీసినావు అంటాడు నా కొడుకు. నా సేతి కూడు తినడం మానీసినాడు. మిషనుకి అన్నీ తెలుస్తాయంట, రాసినోడివి నీకు తెలుస్తాది. అందుకే వొచ్చినాను బాబూ. నా వల్లే పోనాడా?"

చెప్పాల్సిన మాట తేజేశ్వర్ దగ్గర ఉంది. వంతు తప్పితే తప్పిందమ్మా, అలాంటి మనిషిని అందరికంటే ముందు పిలవాలి, వెనక్కి పంపింది నేను. అంతే ఆ మాట. దాంతో చచ్చిపోయినవాడు తిరిగి రాడుగానీ, బతికున్న కొడుకు మళ్లీ తల్లి చేతి కూడు తింటాడు. మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు ఆమె కొడుకు నలుగురిని వెంటేసుకుని రావడం కనిపించింది. భుజం తట్టిన అధికారి మొహం కనిపించింది. మిగతా కేంద్రాలు కనిపించాయి, పేపర్లో తన పేరు కనిపించింది. ఇదంతా రెప్ప వేసినంతలో అయిపోయింది.

"అంతా రూలు ప్రకారమే జరిగిందమ్మా," అన్నాడు. "వంతు తప్పితే వెనక్కి వెళ్లాల్సిందే. మిషన్లో తప్పేం లేదు."

పూర్తిగా అబద్ధం కూడా కాదు చూడండి. అంతకు కాసేపటి క్రితమే దిద్దాడు కదా, ఆ క్షణానికి మిషన్లో నిజంగానే తప్పు లేదు. చదువుకున్నవాళ్ల అబద్ధాలు ఇలాగే ఉంటాయి, ఎక్కడ పట్టుకున్నా జారిపోతాయి.

దాలమ్మ ఏడవలేదు, గొడవ పడలేదు. "అదే, నానూ అలగే అనుకున్నాను," అంది. "పనిలో ఉన్నోడివి, నిన్ను ఇబ్బంది పెట్టీసినాను బాబూ." గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయింది.

కుర్చీల్లో కూర్చున్న పిల్లలిద్దరూ లేచి, ఎటు చూడాలో తెలియక కిటికీ వైపు చూశారు. మాస్టారు గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నారు, ఆమె వెనకాల వెళ్లడానికి. తేజేశ్వర్ ఆయన దగ్గరికి వెళ్లాడు.

"నిజం చెప్పేద్దామనే అనుకున్నాను మాస్టారూ. ఒట్టు."

మాస్టారు రెండో చెప్పు వేసుకుని తలెత్తారు. ఆయన మొహంలో కోపం లేదు, అదే తేజేశ్వర్‌కి భరించరానిదైపోయింది.

"అనుకునే ఉంటావు," అన్నారు. "దానికంటే ముందు ఇంకేదో అనుకున్నావు."