అందరి పలక మీద నక్క రాసిన ఆకు

పొగమంచు కొండల్లో వానాకాలం వస్తే ఈ గట్టు నుంచి చూస్తే ఆ గట్టు కనబడదు. నడుమ వాగు. ఈ గట్టున నల్లమద్ది చెట్టు కింద ధవళయ్య మాస్టారి బడి. ఆయన తెల్లకొంగ. ఒంటికాలి మీద నిలబడి, కళ్లు అరమూసి, "చేప నీటిలో ఉండును" అనేవాడు. పిల్లలు కళ్లు పూర్తిగా మూసి, "నీటిలో ఉండును" అనేవారు. అవతలి గట్టు నుంచి వచ్చే కుందేటి పిల్ల దూదమ్మకి ఆ పాఠం జోలపాటలా ఉండేది. చేప ఎలా ఉంటుందో దానికి తెలియదు. అడగాలని కూడా తోచలేదు.

ఆ యేడు వాగు పొంగి దిగనంది. పిల్లలందరివీ అవతలి గట్టు ఇళ్లే, అవతలే చిక్కుకున్నారు. ముసలి రెక్కలతో అంత వాగు దాటలేక మాస్టారు ఖాళీ బడిలో నిలబడి మంచులోకి చూస్తూ ఉండిపోయేవాడు.

మద్దిచెట్టు కొమ్మన కాపురముండే సాలీడు పోగులమ్మ ఆయన దిగులు చూడలేకపోయింది.

"మాస్టారూ, నేనొక మాట చెప్పనా? గాలి వాటం చూసి పోగు వదిలితే అవతలికి అంటుకుంటుందండీ. నా బలగమంతా కలిస్తే ప్రతి గూటికీ, ప్రతి బొరియకీ ఒక పోగు లాగుతాం. వాగు మీద పెద్ద వల అల్లుతాం. ఎవరు ఆకు మీద రాసి పోగు కదిపినా, మా పిల్లలు మోసుకెళ్లి వలకి అంటిస్తారు. రెండు గట్లకీ కనబడుతుంది. తొందరైతే పోగుకి నోరానించి చెప్పినా మాట అందరికీ చేరుతుంది."

"అందరూ రాస్తే ఇంక పాఠం చెప్పేదెవరమ్మా? తప్పులు రాస్తేనో?"

"పక్కవాళ్లు దిద్దుతారండీ."

"మరి నేనేం చెయ్యాలి?"

"మీరు అడగండి."

మర్నాడు మంచు పలచబడేసరికి వాగు మీద వెండివల ఊగుతోంది. ప్రతి పోగు మీదా నీటి బిందువులు దీపాల్లా మెరుస్తున్నాయి. పిల్లలు దానికి అందరి పలక అని పేరు పెట్టారు. మాస్టారు మొహమాటపడుతూనే మొదటి ఆకు రాశాడు: "చేప ఎక్కడ పడుకుంటుంది?"

పోగులు జిల్లుమన్నాయి. నీటికుక్క పిల్ల గవ్వాలు రాసింది: "రాయి చాటున. తల నీటికి ఎదురుపెట్టి."

దూదమ్మ రాసింది: "కళ్లు మూసుకుంటుందా?"

"రెప్పలుంటేగా మూసుకోడానికి!"

ధవళయ్య మాస్టారు ఆ ఆకు కేసి చాలాసేపు చూశాడు. "పుట్టి బుద్ధెరిగి చేపల్ని మింగుతున్నాను గానీ, ఒక్కదాని మొహమైనా చూశానా?" అనుకుని సిగ్గుపడ్డాడు. సిగ్గు వెనకే ఏదో సంతోషం, రెక్కల కింద గాలి దూరినట్టు.

ఆ రోజు నుంచి బడి తీరే మారిపోయింది. అడవిదున్న దూడ బండోడు, చీమలు ఒకదాని వెనక ఒకటి గుడ్డిగా పోతాయని రాస్తే, దూదమ్మ పుట్ట పక్కనే కూర్చుని చూసి, "కాదు, వాసన పట్టుకుని పోతాయి" అని కింద అంటించింది. బండోడు తానూ వెళ్లి చూసొచ్చి తన ఆకు తానే దిద్దుకున్నాడు. నిద్రపోయేవాళ్లు లేరు. కలలో ఉన్నట్టు మాత్రం అందరికీ ఉండేది, ఎవరి గూట్లో వాళ్లుండి ఒక్క చోటే కూర్చున్నట్టు.

అవతలి గట్టునే నక్క జిత్తన్న ఉండేవాడు. వానలకి వేట లేక కడుపు వెన్నుకి అంటుకుపోయింది. ఒకనాడు వల కింద నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"పోగులమ్మక్కా, చదువు అందరిదీ కదా. ఈ వయసులో నాకూ నాలుగు ముక్కలు నేర్చుకోవాలనుంది. ఒక్క పోగు ఇప్పించు."

నక్క వినయమని తెలిసినా, చదువు కావాలన్నవాణ్ణి కాదనలేక పోగులమ్మ ఒక పోగు లాగింది.

ఏకులా వచ్చినవాడు మేకై కూర్చోడానికి ఎంతోసేపు పట్టలేదు. మర్నాడు పలక మీద ఒక ఆకు కనిపించింది: "పిల్లలూ, ముళ్లకనుమ దగ్గర వాగు మోకాలి లోతే. కుందేళ్లు దాటి బడికి రావచ్చు. ఇట్లు, ధవళయ్య మాస్టారు."

కుందేటి బొరియల్లో పండగైంది. బడిని కళ్లారా చూడొచ్చని చిన్నకూనలు గంతులేశాయి. దూదమ్మ కూడా చెవులు దువ్వుకుని బయల్దేరింది. గుమ్మం దాటాక ఎందుకో ఆగింది. వెనక్కి వచ్చి పోగుకి నోరానించి అడిగింది.

"మాస్టారూ, మోకాలంటే ఎవరి మోకాలండీ? మీదా, మాదా?"

అంతే, పోగులన్నీ ఒక్కసారి వణికాయి. జిత్తన్న అప్పటికే కనుమ దగ్గర పొంచి ఉన్నాడు గనక వాడి పోగు దగ్గర వినేవాడు లేడు.

"పొద్దున్నే అక్కడ మునిగాను, నాకే అడుగు అందలేదు" అంది గవ్వాలు.

"ఆ ముళ్ల వెనక నక్క వాసనేస్తోందని మా అమ్మ నిన్ననే అంది" అన్నాడు బండోడు.

మాస్టారు రెక్కలు కొట్టుకుంటూ, "అయ్యో, అది నేను రాసింది కాదర్రా! ఎవరూ కదలొద్దు!" అన్నాడు. పోగులమ్మ వైపు తిరిగాడు. "పోగులమ్మా, తెంపెయ్యి. ఈ వల వద్దు. పిల్లలు దక్కారు, అదే చాలు."

"ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా మాస్టారూ? ఆ పిల్లని కాపాడింది కూడా ఈ వలేగా."

మాస్టారు రెక్కలు ముడుచుకున్నాడు. "అయితే పిల్లలూ, ఏం చేద్దామో మీరే చెప్పండి" అన్నాడు.

పోగుల మీద గుసగుసలు చాలాసేపు నడిచాయి, నక్క పోగు ఒక్కటి వదిలేసి. చివరికి పలకకి ఒక ఆకు ఎక్కింది: "మాస్టారూ, రేపు మంచు విడేలోగా ముళ్లకనుమకి వస్తున్నాం. ఒకరిద్దరం కాదు, అవతలి గట్టు బడి మొత్తం."

కనుమ నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చిన జిత్తన్న ఆ ఆకు చదివి పెదాలు నాక్కున్నాడు.

తెల్లారింది. కనుమంతా పాలు ఒలికినట్టు మంచు. ముళ్లపొద వెనక జిత్తన్న పొంచి కూర్చున్నాడు. మెత్తగా అడుగుల చప్పుడు. మంచులో ఏదో కదిలింది. "వచ్చారురా నా చిట్టికుందేళ్లు!" అని కళ్లు మూసుకుని దూకాడు. నోటికి చిక్కింది బండోడి వాళ్లమ్మ గిట్ట!

ఆవిడ కాలు విదిలించింది. వెనకాల మందంతా మంచులోంచి నల్లగా లేచింది. జిత్తన్న ముళ్లలో పడి, ముళ్లలోంచి వాగులో పడి, సుళ్లు తిరిగి, ఎక్కడో రాయి పట్టుకుని తేలాడు.

"బడి మొత్తమన్నారుగా! దున్నలెందుకొచ్చాయి?" అని ఏడుస్తూ అరిచాడు.

పక్కనే నీళ్లలో వెల్లకిలా తేలుతున్న గవ్వాలు తాపీగా అంది: "బండోడు మా తరగతే కదా మావా. బడికి అమ్మతో వస్తాడు."

ఆ నక్క మళ్లీ ఆ కొండల్లో కనబడలేదు.

ఒక్కడి నోట విన్న చదువుని ఒక్క జిత్తు మింగేస్తుంది. పదిమందీ అడిగి, చూసి, దిద్దుకున్న చదువు ఏ నక్క నోటికీ పట్టదు.