పోశాలు తలుపు

అనగనగా, ఎప్పటి మాటో నన్నడక్కండి, మన నాన్నలు ఇంకా పాకుతున్న రోజులట. ఈదులగుట్టలో పోశాలు అని కల్లు గీసేవాడు ఉండేవాడు.

ఒకనాడు పోశాలు తాటిచెట్టు మీంచి జారి పడ్డాడు. పదిమంది ఉరికారు. ఇద్దరు చేతులు పట్టారు, ఇద్దరు కాళ్లు పట్టారు, బస్తాను ఎత్తినట్టు ఎత్తి బండిలో వేశారు. ప్రేమతోనే ఎత్తారు పాపం. అదే కొంప ముంచింది.

పట్నం వైద్యుడు వీపు కోసి, విరిగిన వెన్నుకు ఇనుప కడ్డీలు బిగించాడు.

"అయ్యా, నడుస్తనా?" అన్నాడు పోశాలు.

"ఎముక పడ్డప్పుడు విరిగింది. నరం నిన్ను ఎత్తినప్పుడు నలిగింది. ఎముక అతుకుతుంది. కాళ్ల సంగతి ఏళ్లు గడిస్తే గానీ చెప్పలేను" అన్నాడు వైద్యుడు.

మొదటి ఏడు కూర్చున్నాడు. రెండో ఏడు గోడ పట్టుకుని నిలబడ్డాడు. మూడో ఏడు కర్ర ఊతంతో తాటివనం దాకా నడిచాడు. చెట్టు మాత్రం మళ్లీ ఎక్కలేదు. చలికాలం వస్తే నడుము సలిపేది. "ఇంకేం పనికొస్తడు?" అన్నారు జనం. నోరుంది కదా, అంటారు.

ఆ ఏడే నర్సింలు అనే పడుచువాడు చెట్టు మీంచి పడ్డాడు. పదిమంది ఉరికారు. ఇద్దరు చేతులకు, ఇద్దరు కాళ్లకు వంగారు.

"ముట్టకుండ్రి!" పోశాలు కర్ర అడ్డం పెట్టాడు. "ఎత్తినోని చెయ్యి ఇరగ్గొడత!"

"మరెట్ల తీస్కపోవాలె, పోశాలన్నా?"

"మా ఇంటి తలుపు ఊడదీసి తేండ్రి. నడుం వంగకుంట దాని మీదికి జరపాలె."

తలుపు వచ్చింది. అదే వైద్యుడు, అవే కడ్డీలు. మూడు నెలలకు నర్సింలు తన కాళ్ల మీద తాను ఊళ్లోకి నడిచొచ్చాడు. పోశాలు వాణ్ణి పట్టుకుని పసివాడిలా ఏడ్చాడు.

"వాడు నడిచిండు, సంతోషమే. తలుపు లేక కుక్క జొరబడి నా అంబలి తాగె!" అంది పెళ్లాం రాజవ్వ.

ఆ తలుపు ఇంకో రెండుసార్లు ఊడింది. ఇంకో ఇద్దరు నడిచారు. పోశాలు నిండా ముసలివాడై, చివరిదాకా కర్రతోనే నడిచి, కన్నుమూశాడు.

ఇప్పటికీ ఆ ఊళ్లో కొత్త ఇల్లు కడితే, ఒక్క తలుపు మాత్రం ఎత్తగానే ఊడొచ్చేలా పెడతారు. గట్టిగా బిగించమని ఇంటివాళ్లు అడిగితే తలుపులు చేసే వడ్లాయన ఒప్పుకోడు.

"అది మీది గాదు. పోశాలుది" అంటాడు.